పోత ఇనుము కడాయి: మా ఇద్దరికీ, మా బంగారానికీ

సర్వపిండి, అంటే బియ్యప్పిండిని గిన్నెలో ఒత్తి కాల్చే కారపు రొట్టె, దాని కోసమే ఈ కడాయి కొన్నాం. కొనేటప్పుడు వేరే ఏ వంటా మనసులో లేదు. మా అత్తమ్మ జనగామ నుంచి వచ్చినప్పుడల్లా మా నాన్‌స్టిక్ పెనం వైపు చూసి, "దీంట్ల చేస్తే అది సర్వపిండెట్లయితది బిడ్డా, మందం దోసె అయితది" అనేది. మాట నిజమే. అంచులు లేని పెనం మీద సర్వపిండికి ఆ గుంట రాదు, గుంట లేకపోతే అడుగు కరకర, పైన మెత్తన అనే రుచి రాదు. అందుకని హనుమకొండలో ఒక స్టీలు సామాన్ల షాపులో 24 సెంటీమీటర్ల పోత ఇనుము కడాయి తీసుకున్నాం. గాజు మూతతో కలిపి పద్నాలుగు వందలకు కొంచెం పైన పడింది. మూతతో సహా మూడు కిలోల దాకా బరువుంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం ఏ కంపెనీదైనా నేను చెప్పే మంచీ చెడూ దాదాపు ఇంతే.

మా ఇంటి లెక్క ముందు చెప్తే ఈ రివ్యూ మీకు పనికొస్తుందో లేదో మీకే తెలుస్తుంది. ఇద్దరు మనుషులం, ఒక కుక్క. నాది కాజీపేటలో షిఫ్టుల ఉద్యోగం, మా ఆవిడ టీచరు. వంట ఇద్దరిదీ, ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళే పొయ్యి ముట్టిస్తారు. కుక్క పేరు బంగారం. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీద దొరికింది. నిలువెత్తు బెల్లం రంగు, జాతరలో బెల్లాన్నే బంగారం అంటారు, వేరే పేరు ఎందుకు వెతుకుతాం? ఎప్పుడు పుట్టిందో తెలియదు కాబట్టి మాఘ పౌర్ణమి నాడు పుట్టినరోజు చేస్తాం. జాతర రెండేళ్ళకోసారి, దీని పండుగ మాత్రం ఏటా. అదొక్కటే కాదు. జీతం పడ్డా, తొలకరి వాన పడ్డా, మా ఆవిడ క్లాసులో ఏ పిల్లాడో గురుకులం సీటు తెచ్చుకున్నా సాయంత్రానికి పొయ్యి మీద ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ పొయ్యి మీద ఇప్పుడు ఎక్కువగా ఉండేది ఈ కడాయే.

ఇక సర్వపిండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చా దంచిన పల్లీలు, కరివేపాకు, ఉల్లాకు, ఎల్లిగడ్డ, కారం, ఉప్పు. గోరువెచ్చటి నీళ్ళతో కలిపి, నూనె రాసిన కడాయిలో అరచేత్తో పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, చిల్లుల్లో చుక్కచుక్క నూనె వేసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి. ఇది మా వరంగల్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు, దూరంగా ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. ఇనుము గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. సన్న సెగకు కూడా అడుగంతా ఒకేలా ఎర్రబడుతుంది. అల్యూమినియం సర్వలో (సర్వ అంటే గిన్నె) మంట తగిలిన చోట మాడి, అంచులు పచ్చిగా ఉండే గొడవ లేదు. కరకరమనే ఆ అడుగు పొర ఇంత బాగా మా ఇంట్లో ఇంతకుముందు రాలేదు. అత్తమ్మ కూడా ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోవడమంటే మాట్లాడకుండా రెండో ముక్క తీసుకోవడం.

కానీ ఒక పెద్ద చిక్కుంది, షాపులో ఎవరూ చెప్పరు. మామూలు సర్వలో ఒక వాయి అయిపోగానే గిన్నె బోర్లించి నీళ్ళు పోస్తాం, సుయ్యిమని చల్లబడుతుంది, వెంటనే రెండో వాయి ఒత్తేస్తాం. వేడి పోత ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగుళ్ళు వచ్చే ప్రమాదముంది. అత్తమ్మ అలవాటుగా చెంబు ఎత్తితే నేను చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది. "నీళ్ళు పోయరాదు, మరెట్ల సల్లారాలె? రేపటిదాంక కూసుంటమా?" అంది. ప్రశ్న న్యాయమైనదే. ఇనుము ఎంత నెమ్మదిగా వేడెక్కుతుందో అంత నెమ్మదిగా చల్లారుతుంది, అరగంటైనా కావాలి. తడిపిన బట్ట మీద గానీ అరిటాకు మీద గానీ పిండి ఒత్తి వేడి కడాయిలోకి జార్చవచ్చు. అప్పుడు అంచులు పైకి ఎక్కవు, మళ్ళీ దోసె మాటే. మేమైతే ఆ అరగంటలో బంగారాన్ని తీసుకుని వడ్డేపల్లి చెరువు కట్ట దాకా వెళ్ళొస్తాం. ఆరుగురు తినే ఇంట్లో ఇది కుదరదు. పది మందికి సర్వపిండి చేయాలంటే నాలుగు పాత సర్వలు వరసగా పెట్టుకోవడమే మంచిది, ఈ కడాయి జోలికి రావద్దు.

గాజు మూత కూడా అంత గొప్పగా ఏం లేదు. లోపల ఆవిరి పట్టి నీటి బొట్లు పిండి మీద రాలుతాయి, పైభాగం ముద్దగా అవుతుంది. మూత కాస్త వారగా పెట్టండి, లేదా మధ్యలో ఒకసారి తీసి తుడవండి. లోపలికి కనిపిస్తుంది కదా అని గాజు మూత ఇస్తారు గానీ, ఆవిరి పట్టాక కనిపించేదేం లేదు.

ఇప్పుడు బంగారం వాటా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలో ఎర్ర కణాలను పాడుచేస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీల మీద పడతాయి, చాక్లెట్ ఎలాగూ వద్దు. అంటే మన పండుగ వంటల్లో సగం దానికి పనికిరావు: బగారన్నం, మసాలా కూరలు, కిస్మిస్ వేసిన పాయసం. మరి పండుగ మనకేనా? అందుకని మా ఇంట్లో మొదటి వాయి దానిది. బియ్యప్పిండిలో తురిమిన సొరకాయ, నానిన పెసరపప్పు, కాసిన్ని నువ్వులు వేసి, కారం లేకుండా, ఉప్పు వేసీ వేయనట్టు ఒక చిన్న సర్వపిండి. సొరకాయ సర్వపిండి మనుషులు కూడా చేసుకునేదే కాబట్టి దీనికోసం కొత్తగా కనిపెట్టిందేం లేదు. ఆ తర్వాతే కడాయిలోకి ఉల్లాకు, ఎల్లిగడ్డ వస్తాయి. వరస తిరగేయము. స్టీలు గిన్నెలాగా సబ్బేసి పీచుతో బరబరా తోమే పాత్ర కాదిది, ఎల్లిగడ్డ నూనె పట్టిన కడాయిలో దానికి వండటం మాకు ఇష్టం లేదు. ఇది దాని రోజువారీ తిండి కాదని కూడా చెప్పాలి. రోజూ దానికి వేరే ఉంటుంది, ఇది పండుగ ముక్క. చల్లారాక నాలుగు తుంపులు చేసి పెడతాం, మిగిలింది మర్నాటికి.

ఈ వరస మీద అత్తమ్మకు గట్టి అభ్యంతరం వచ్చింది. దసరా సెలవుల్లో వచ్చినప్పుడు మొదటి వాయి దించి పళ్ళెంలో పెడుతుంటే చూసింది.

"దేవునికి పెట్టక ముందే కుక్కకా?"

మా ఆవిడ పిండి చేతులతోనే అంది: "ఉల్లిగడ్డ లేదు, ఎల్లిగడ్డ లేదు. దేవునికి ఇట్లనే కదనే చేసేది? తీస్కో, నువ్వే ముందు దేవునికి పెట్టు."

అత్తమ్మ కాసేపు ఆలోచించి, చిన్న ముక్క విరిచి దేవుని గూటి ముందు పెట్టి వచ్చింది. వచ్చాక, "ఉప్పు సక్కగ లేదు, దేవుడేమంటడో" అని మాత్రం అంది. అప్పటి నుంచి ఆమె ఉన్నప్పుడు మొదటి వాయి దేవునికీ బంగారానికీ కలిపి ఒకటే, రెండోది మాది. అదే దసరా సాయంత్రం జమ్మి ఆకు (ఆ రోజు దాన్నీ బంగారమే అంటాం) పట్టుకుని "బంగారం తీస్కోండ్రి" అంటూ వచ్చిన వాళ్ళందరి దగ్గరికీ మా కుక్క తోక ఊపుకుంటూ లేచి వెళ్ళింది. అది వేరే కథ.

కొన్నది సర్వపిండికే అయినా, చికెన్‌కు ఇంకా బాగా పనికొస్తోంది. ఆదివారం చికెన్ ముందు కొంచెం పసుపు, నీళ్ళతో మూతపెట్టి ఉడికిస్తాం. దాని వాటా మెత్తటి ముక్కలు తీసి, ఎముక వేరు చేసి పక్కన పెడతాం. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది, ఎంత బతిమాలినా ఇవ్వకండి. మిగతా నీళ్ళు ఇగిరాక చికెన్ గిన్నెలోకి తీసుకుని, అదే కడాయిలో నూనె, ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ, కారం వేసి, చికెన్ మళ్ళీ వేసి వేపుడులా దగ్గరికి తెస్తాం. కారం మాకు చపాటా మిరపది కలిపి పట్టించింది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటాయే. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఇనుములో వేపుడు అడుగంటకుండా, అంటీ అంటనట్టు ఎర్రగా గీరుకునేలా వస్తుంది. ఆ గీకిన అడుగులో కాస్త అన్నం వేసి కలుపుకుని తినడానికి మా ఇద్దరి మధ్య నిజంగానే వాదన జరుగుతుంది.

మృగశిర కార్తె నాడు చేపలు. కొర్రమీను ముక్కలు కడాయి బాగా వేడెక్కాక వేస్తే అతుక్కోవు. తొందరపడి తిప్పితే తోలు అడుగుకే ఉండిపోతుంది. బంగారానికి ఉప్పూ కారం పట్టించని ముక్క ముందే ఉడికించి, ముల్లు తీసి. పులుసు మాత్రం ఇందులో పెట్టకండి. చింతపండు పులుపు ఇనుముతో కలిసి కూర నల్లబడుతుంది, నాలుకకు ఇనుప రుచి తగులుతుంది, కష్టపడి పట్టించిన నూనె పొర ఊడిపోతుంది. టమాటా ఎక్కువేసిన కూరలకూ ఇదే మాట. మా చేపల పులుసు ఎప్పట్లాగే మట్టి చిప్పలోనే. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు కాబట్టి గొడవ లేదు.

సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు వేయించడానికి ఇంతకన్నా మంచి పాత్ర నేను చూడలేదు. ఒకటే జాగ్రత్త: మంట ఆపేసినా కడాయి వేడి ఆగదు. నువ్వులు చిటపటమనడం మొదలవగానే పళ్ళెంలోకి ఒంపేయాలి, లేకపోతే సద్ది చేదవుతుంది. మా ఆవిడ పద్మాక్షి గుట్ట దగ్గరికి బయలుదేరే హడావిడిలో కూడా ఈ పని నాకు వదలదు. ఎందుకో నాకూ తెలుసు, నేను ఫోన్ చూస్తూ నిలబడతాను. వేయించిన పల్లీలు ఉప్పు, చక్కెర తగలకముందు కుక్కకు రెండు మూడు.

సంక్రాంతి సకినాల దగ్గర ఈ సైజు తేలిపోయింది. నూనె వేడి నిలబడటం బాగుంది, సకినం వేసినా నూనె చల్లబడదు, పగుళ్ళు లేకుండా సమంగా కాలుతుంది. కానీ ఒకసారికి ఒకటే పడుతుంది. బట్ట మీద ఆరిన సకినాలు వరసలు వరసలుగా చూస్తూ, ఒక్కొక్కటీ వేస్తూ కూర్చుంటే నడుము పోతుంది. చివరికి పక్కింటి పెద్ద మూకుడు అడిగి తెచ్చుకున్నాం.

వాడకం గురించి తొందరగా. కొత్తలో సన్నగా పల్లి నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చడం కొన్నిసార్లు చేయాలి. పని అయ్యాక గోరువెచ్చటి నీళ్ళతో మెత్తగా కడిగి, పొయ్యి మీద తడి ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవాలి. తడి మీద వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. వండినది అందులోనే రాత్రంతా ఉంచకూడదు. చెవులు రెండూ పోత ఇనుమే, మంట మీద అవీ కాలుతాయి, గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు. చేతులు నొప్పులున్న వాళ్ళకు ఈ బరువు నేను చెప్పను. మా అత్తమ్మ దీన్ని ఎత్తదు, జరుపుతుంది. పనిమనిషి తోముతుందంటే కూడా ఆలోచించుకోండి, ఎందుకంటే ఆమెకు ఇదంతా చెప్పి ఒప్పించడం కన్నా మీరు తుడుచుకోవడమే తేలిక.

ఐదుకు నాలుగు ఇస్తాను. పోయిన ఒకటి ఆ గాజు మూతకు, రెండో వాయి అరగంటకు కలిపి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 24 సెంటీమీటర్లది చాలు, చెవుల దగ్గర గరుకుగా లేనిది, అడుగు పొయ్యి మీద ఊగనిది చూసుకుని తీసుకోండి. 30ది మా బావ వాళ్ళు కరీంనగర్‌లో కొన్నారు. బరువని అటక మీద పెట్టారట. వచ్చే సంక్రాంతికి సకినాల కోసం అది తెచ్చుకుంటామని ఇప్పుడే చెప్పి పెట్టాం, వాళ్ళు కూడా తీసుకుపొమ్మనే అన్నారు.