ముద్రలా, నంబరా? పాత మిలిటరీ రివాల్వర్ పుట్టుపూర్వోత్తరాలకు ఏది మేలు

ఒంగోలులో మా పెదనాన్న దగ్గర ఒక పాత వెబ్లీ రివాల్వర్ ఉంది. మిలిటరీలో చేసిన ఆయన మామగారి నుంచి వచ్చింది. లైసెన్సు ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో జమ చేసి, అయ్యాక తెచ్చుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దొనకొండ విమానాశ్రయం దగ్గర ఆ మామగారి చేతికొచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. అది నిజమో కాదో రివాల్వర్ మీది నంబరు, లోహంలో కొట్టిన ముద్రలు చదివి చూద్దామని మొన్న సంక్రాంతికి కూర్చున్నాం. ముందు దాన్ని మడిచి తెరిచి, ఆరు తూటాల గదులూ ఖాళీయే అని ఇద్దరం చూసుకున్నాకే లైటు దగ్గరికి తెచ్చాం.

నంబరు చదవడం తేలిక. ఫ్రేమ్ మీద వెబ్లీ పేరు, మార్క్ 6, 1917 అని స్పష్టంగా ఉన్నాయి. ఈ మోడల్‌ను బ్రిటిష్ సైన్యం 1915లో తీసుకుంది. 1921 నుంచి 1926 వరకు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలోనూ చేశారు. కాబట్టి పేరు, ఏడాది, నంబరు కలిపితే పుట్టిన చోటు తెలిసిపోతుంది. మాది వెబ్లీ కంపెనీ ఊరైన బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. ఆ తర్వాత ఎవరి చేతుల్లో తిరిగిందో మాత్రం నంబరు చెప్పదు. మాకు కావలసింది అదే.

ముద్రలు చదవడం కష్టం. తుపాకీలు అమ్మే ఒకాయన చూసి, కిరీటం ఉంది కాబట్టి లండన్ సరుకేనన్నారు. ఆ మాట నమ్మితే మోసపోయేవాళ్ళం. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి కాల్చి, పగలకుండా నిలిస్తే కొట్టేది ప్రూఫ్ ముద్ర. లండన్‌లో కొట్టినా, బర్మింగ్‌హామ్‌లో కొట్టినా, సైన్యం కొట్టినా కిరీటం ఉంటుంది. దాని కింద ఏముందో చూడాలి. బర్మింగ్‌హామ్‌లో తుపాకీల్ని ఇలా పరీక్షించే ప్రూఫ్ హౌస్ 1813 చట్టంతో వచ్చింది. 1904 దాకా వాళ్ళు కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు కొట్టేవారు. సైన్యం ముద్రలో అడ్డంగా ఉండేవి రెండు జెండాలు, కింద 'పి' అక్షరం. అరిగిపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. నేనూ మొదట రాజదండాలే అనుకున్నాను. 1917 నాటి దాని మీద 1904తో ఆగిపోయిన ముద్ర ఎలా వస్తుందని అడిగింది పెదనాన్నే. మళ్ళీ చూస్తే జెండాలే. అంటే ఏడాది కూడా పనికొచ్చింది, ముద్రను సరిచూసుకోవడానికి.

సైన్యం నుంచి మామూలు జనానికి అమ్మిన తుపాకీ అయితే కథ వేరు. కాకికాలు లాంటి బాణం గుర్తు ప్రభుత్వ సొత్తుకు కొడతారు. అలాంటివి రెండు మొనకు మొన ఆనించి కనిపిస్తే సైన్యం అమ్మేసిందని అర్థం. 'టన్నులు' అని అంకెలతో కనిపిస్తే 1954 నిబంధనల తర్వాత బ్రిటన్‌లో మళ్ళీ పరీక్షించారని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా మా దొనకొండ కథ కష్టమే అయ్యేది. రెండూ లేవు.

మమ్మల్ని తికమక పెట్టింది మా దాని మీది బాణం కింద ఉన్న గీత. గీరుడేమో అనుకున్నాం. ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, బాగా వాలుగా వేసి ఫోటో తీస్తే ఇంగ్లీషు 'ఐ' అక్షరం తేలింది. బాణంతో 'ఐ' అంటే ఇండియా ప్రభుత్వ సొత్తు. 'సి' లోపల బాణం ఉంటే కెనడా, రెండు 'డి'ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. దొనకొండే అని ఇది రుజువు చేయదు, కానీ ఈ రివాల్వర్ ఇండియా సర్కారు కొలువు చేసిందని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. నంబరు ఎంత వెతికినా ఈ మాట దొరికేది కాదు. అందుకే నా ఓటు ముద్రలకే.

ముద్రల్ని పైకి తేవడానికి సుద్దపొడి రాసి మెల్లగా తుడవడం కూడా బాగానే పనిచేస్తుంది, లోతైన వాటికి. అరిగిన వాటికి వాలు వెలుగే నయం. ఉప్పుకాగితంతో మాత్రం రుద్దకండి.

పాత పెట్టెలో ఇలాంటిది దొరికినవాళ్ళకు ఒక మాట. పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదనుకోవద్దు. బాగుచేసినా పేలనిదైతేనే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. లేకపోతే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి. ముద్రల సంగతి ఆ తర్వాత.

మా దాని గొట్టం ఎడమ పక్కన ఇంకో ముద్ర సగమే మిగిలింది. తుప్పు వదిలించాలని ఎవరో ఎప్పుడో ఉప్పుకాగితంతో రుద్దేశారు. కిరీటం పైభాగం కనిపిస్తోంది, కింది అక్షరాలు లేవు. ఎన్ని వైపుల నుంచి టార్చి వేసినా రాలేదు.