టీఎస్ఐ, ఇండోల్, సిట్రేట్, యూరియా: నాలుగు ట్యూబుల సెట్టును ఎంతవరకు నమ్మొచ్చు?

కల్చర్‌లో వచ్చిన పేగు బాక్టీరియాను గుర్తించడానికి ఈ నాలుగు ట్యూబుల సెట్టును చాలా ఏళ్లుగా రోజూ వాడుతున్నాం. ఇరవై పరీక్షల స్ట్రిప్పులు, ఆటోమేటెడ్ యంత్రాలు వచ్చినా చిన్న ల్యాబుకు ఇదే సరైనదని నా గట్టి అభిప్రాయం. ఖర్చు తక్కువ. పైగా ఫలితం ఎందుకలా వచ్చిందో కంటికి కనిపిస్తుంది. కాకపోతే కాలనీ (ప్లేటు మీద ఒకచోట పెరిగిన బాక్టీరియా గుంపు) శుద్ధంగా ఉండాలి, టైము తప్పకూడదు. తప్పు రిపోర్టులు ఎక్కువగా పుట్టేది ఈ రెండు చోట్లే.

మెకాంకీ (బైల్ సాల్ట్, లాక్టోజ్ ఉన్న అగార్) ప్లేటు మీద విడిగా కనిపించే కాలనీ అడుగున కూడా బైల్ సాల్ట్ అణిచిపెట్టిన వేరే బాక్టీరియా బతికే ఉండొచ్చు. అందుకే నూట్రియంట్ అగార్ (మామూలు మీడియా) మీద ఒకసారి సబ్‌కల్చర్ చేశాకే, అంటే మళ్లీ పెంచాకే, ట్యూబుల్లో వేయాలి. ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉందో లేదో చూసే పరీక్ష కూడా ఆ సబ్‌కల్చర్ నుంచే చేయాలి. మెకాంకీ మీద లాక్టోజ్ పులిసిన ఆమ్లం ఆ పరీక్షను చెడగొడుతుంది. ఆ పరీక్షకు నైక్రోమ్ (లోహపు తీగ) లూప్ వాడితే తప్పుడు పాజిటివ్ వస్తుంది, చెక్క పుల్ల చాలు. ఊదా రంగు పది సెకన్లలో రావాలి, ఆ తర్వాత వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నాలుగింటిలో నా ఓటు టీఎస్ఐకే (ట్రిపుల్ షుగర్ ఐరన్ అగార్). అందులో గ్లూకోజ్ 0.1 శాతమే, లాక్టోజ్, సుక్రోజ్ 1 శాతం చొప్పున ఉంటాయి. గ్లూకోజ్ ఒక్కటే వాడుకునే బాక్టీరియా మొదట ట్యూబంతా పసుపు చేస్తుంది. ఆ కాస్త చక్కెర అయిపోగానే స్లాంట్ (ట్యూబులో అగార్ వాలుగా ఉండే పైభాగం) మీద గాలి తగిలే చోట పెప్టోన్‌ను వాడుకుంటుంది, క్షారం పుట్టి స్లాంట్ మళ్లీ ఎర్రబడుతుంది. బట్ (అడుగు భాగం) మాత్రం పసుపుగానే ఉంటుంది. కాబట్టి 18 నుంచి 24 గంటల మధ్యే చదవాలి. పది గంటలకే చూస్తే షిగెల్లా కూడా ఈ.కోలైలా పసుపు మీద పసుపుగా కనిపిస్తుంది. మూత బిగించినా అదే పొరపాటు జరుగుతుంది, గాలి అందక స్లాంట్ ఎర్రబడదు. మూత వదులుగా పెట్టండి. బట్ లోతు కనీసం 2.5 సెంటీమీటర్లు ఉండాలి. గుచ్చడానికి స్ట్రెయిట్ వైరే వాడాలి. లూప్‌తో గుచ్చితే అగార్ చీలి గ్యాస్ వచ్చినట్టు కనిపిస్తుంది.

టీఎస్ఐలో హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వచ్చే నలుపును జాగ్రత్తగా చూడాలి. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీలో అది సాధారణంగా స్లాంట్, బట్ కలిసే చోట గుచ్చిన దారి వెంట సన్నటి చారగానే ఉంటుంది, గ్యాస్ ఉండదు. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడకపోతే తప్పిపోతుంది. బట్ అంతా నల్లబడి పసుపు కనిపించకపోయినా ఆమ్లమనే రాయాలి, ఎందుకంటే ఆమ్లం లేనిదే ఆ నలుపు రాదు. అలాంటి ట్యూబు సాల్మొనెల్లాదో ప్రోటియస్‌దో యూరియా ట్యూబు (యూరియాను విరగ్గొట్టగలదా అని చూసేది) తేలుస్తుంది: ప్రోటియస్ సాధారణంగా 2–4 గంటల్లోనే గులాబీ రంగు తెస్తుంది, క్లెబ్సియెల్లా నెమ్మదిగా స్లాంట్ వైపు నుంచి మొదలుపెడుతుంది. యూరియాను ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. వేడికి విరిగి అమోనియా వస్తుంది, ఏమీ వేయకముందే ట్యూబు గులాబీ అవుతుంది. ఫిల్టర్ చేసిన 40 శాతం ద్రావణం 5 మిల్లీలీటర్లను, 50 డిగ్రీలకు చల్లారిన 95 మిల్లీలీటర్ల బేస్‌లో (యూరియా వేయని అగార్‌లో) కలపండి.

ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఇండోల్ తయారైందా అని చూసే ఇండోల్ పరీక్షతో పెద్దగా ఇబ్బంది లేదు. ట్రిప్టోఫాన్ బాగా ఉన్న పెప్టోన్ నీళ్లు, ఒక రాత్రి ఇంక్యుబేషన్, 0.5 మిల్లీలీటరు కోవాక్స్ రీఏజెంట్, పైన ఎర్ర రింగు. రీఏజెంట్ లేత పసుపు నుంచి గోధుమ రంగుకు మారితే పారేయాలి.

నాకు అంతగా నమ్మకం లేనిది సిట్రేట్, అంటే బాక్టీరియా సిట్రేట్‌ను వాడుకుని పెరగగలదా అని చూసే పరీక్ష. ఎక్కువ కాలనీ వేసినా, ముందు ట్యూబులోని మీడియా వైరుతో పాటు వచ్చినా తప్పుడు పాజిటివ్ వస్తుంది. అందుకే ముందు సిట్రేట్ వేసి, తర్వాతే మిగతావి వేయాలి. స్లాంట్ మీద అతి పల్చగా గీయాలి.

ఈ సెట్టుకు అందనిది సాల్మొనెల్లా పారాటైఫీ ఏ. టీఎస్ఐలో గ్యాస్ ఉంటుంది, నలుపు సాధారణంగా రాదు. ఇండోల్, సిట్రేట్, యూరియా మూడూ నెగటివే. అప్పుడు లైసిన్ డీకార్బాక్సిలేజ్ పరీక్ష (లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ కోసం) తప్పదు: మిగతా సాల్మొనెల్లాలు చాలావరకు ఊదా రంగు తెస్తే, ఇది పసుపుగానే ఉంటుంది. పైన మినరల్ ఆయిల్ పోయాలి, పక్కన లైసిన్ లేని కంట్రోల్ ట్యూబు పెట్టాలి. కంట్రోల్ పసుపు కాకపోతే ఆ పరీక్షను మళ్లీ చేయాల్సిందే.