పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తే: షోరూమా, ఆటోనగరా, ట్రిప్ మీటరా? ఏది మేలు?

ఏసీ చల్లగా రాకపోతే ఆ రోజే షెడ్డుకు పరిగెత్తేవాళ్లు కూడా పెట్రోల్ ముల్లు సరిగా లేదంటే "వచ్చే సర్వీసింగ్‌లో చూద్దాంలే" అంటారు. బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి తొందరేమీ కనిపించదు. కానీ పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని తిరిగే బండికి ఈ వాయిదా మంచిది కాదు. ఏసీ లేకపోతే చెమటలు పడతాయి, అంతే. ముల్లు తప్పు చూపిస్తే బండి ఎక్కడ ఆగిపోతుందో మన చేతుల్లో ఉండదు.

ముల్లు పాడవడంలోనూ తేడా ఉంది. కొన్ని బండ్లలో అది సున్నా దగ్గరే పడి ఉంటుంది. చూడ్డానికి టెన్షన్‌గా ఉన్నా దాంతో ముప్పు తక్కువే. ఇక దాన్ని నమ్మకూడదని ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది, ముందే పోయించుకుంటారు. అసలు భయపడాల్సింది పావు ట్యాంకే ఉన్నప్పుడు కూడా సగం చూపించే ముల్లుకి. అది మామూలుగానే కదులుతుంది, నింపితే పైకి లేస్తుంది, మెల్లగా దిగుతుంది, సగం దగ్గరికొచ్చి అతుక్కుపోతుంది. ఎవరికీ అనుమానం రాదు.

అలాంటి బండి మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిందనుకోండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద కార్ల వేగ పరిమితి గంటకు 120. ఇంజిన్ ఆగగానే చాలా బండ్లలో స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్లో మిగిలిన బలం ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కంగారులో తాళం పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. ఆ కొద్ది క్షణాల్లో హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకి చేరాలి. చేరాక పిల్లల్ని బండిలో కూర్చోబెట్టకుండా, రోడ్డువైపు డోర్లు తెరవకుండా, రెయిలింగ్ అవతలికి పంపాలి. 112కి ఫోన్ చేయాలి. విజయవాడ రూట్లోనో బెంగళూరు రూట్లోనో అయితే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033 ఉంది. పెట్రోల్ అయిపోవడం వల్ల వచ్చే ఇబ్బందిలో డబ్బు ఖర్చు చిన్న భాగం. ఆగిన బండిలో, దాని చుట్టూ మనుషులు ఉండిపోవడమే పెద్ద భయం.

రిపేరు సంగతికి ముందు, అసలు తప్పు ముల్లుదేనా అని చూసుకోవాలి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాలు రోడ్ల మీద బండి పెడితే ట్యాంకులో పెట్రోల్ ఒక పక్కకి ఒరుగుతుంది, ముల్లు కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుంది. అది లోపం కాదు. సమతలంలో కొంతసేపు నడిచాక మళ్లీ చూడాలి. రెండు మూడు వందలకి పోయించుకుంటే ముల్లు కదలకపోవడం కూడా చాలా బండ్లలో మామూలే. కుదుపులకి ముల్లు ఊగకుండా రీడింగ్‌ని నెమ్మదిగా మార్చేలా తయారు చేస్తారు, అందుకే చిన్న తేడా వెంటనే కనపడదు. ఇంజిన్ ఆపకుండా పోయిస్తే మరీనూ. అసలు పోసేటప్పుడు ఆపాల్సిందే.

"బంకువాడు కొట్టేశాడు" అనే అనుమానానికి కూడా సూటిగా తేల్చే దారి ఉంది. ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే దాంట్లో పోసి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడాని చట్టం అనుమతిస్తుంది. అక్కడ కొలత సరిగా ఉండి, మన ముల్లు మాత్రం లేవకపోతే తప్పు బండిలోనే ఉన్నట్టు.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెలిస్తే ఎవరూ మనల్ని భయపెట్టలేరు. ట్యాంకులో ఒక సన్నటి తీగ చివర తేలే ముక్క ఉంటుంది. దాన్నే ఫ్లోట్ అంటారు. పెట్రోల్ దిగేకొద్దీ అదీ దిగుతుంది. తీగ రెండో కొస ఒక చిన్న పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది. అది ఎక్కడ ఆనుతుందో దాన్నిబట్టి కరెంటుకి అడ్డు మారుతుంది, ఆ మార్పునే డాష్‌బోర్డు ముల్లుగా చూపిస్తుంది. ఏళ్ల తరబడి రాసుకుని పట్టీ అరిగిపోవచ్చు. కాంటాక్టులకి మడ్డి పట్టొచ్చు. ఎర్త్ వైరు వదులైపోవచ్చు. ఇంధనంలో గంధకం ఎక్కువైతే వెండి కాంటాక్టులు పాడవుతాయి. 2004లో అమెరికాలో ఫ్లోరిడా, లూసియానా రాష్ట్రాల్లో ఇలాంటి పెట్రోల్ వల్లే ఎన్నో కార్ల మీటర్లు దెబ్బతిన్నాయి. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాల ఇంధనంలో గంధకం పరిమితిని 10 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్లలో పదికి తగ్గించారు కాబట్టి ఆ బెడద తక్కువ. పాత బండ్లలో ఎక్కువగా అరుగుదలే కారణం.

ఇప్పుడు దారుల సంగతి. చాలామంది ముందు ఆశ్రయించేది "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చు" అని తెర మీద కనిపించే అంకెని. ముల్లు పాడైనా ఇది ఉందిగా అని ధైర్యం. నన్నడిగితే అన్నిటికంటే చెడ్డ దారి ఇదే. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకులో ఎంత ఉందో అదే ఫ్లోట్ చెప్పిన లెక్కని, ఇటీవలి మైలేజీతో కలిపి బండి వేసే గుణకారం అది. ఫ్లోట్ తప్పు చెబితే అంకె కూడా తప్పే. రిజర్వ్ లైటు కూడా చాలా బండ్లలో ఆ ఫ్లోట్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి మూడూ ఒకే మాట చెబుతున్నాయని ధైర్యపడటానికి లేదు, మూడింటికీ సమాచారం ఇచ్చేది ఒక్కటే.

కొత్త బండి కదా అని ఊరుకోవడానికీ లేదు. 2025 నవంబరులో మారుతి సుజుకి 39,506 గ్రాండ్ విటారా కార్లని లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది, దీన్నే రీకాల్ అంటారు. స్పీడోమీటర్ అసెంబ్లీలో ఇంధన సూచిక, హెచ్చరిక లైటు సరైన స్థాయి చూపించకపోవచ్చన్నది కారణం. అవి 2024 డిసెంబరు, 2025 ఏప్రిల్ మధ్య తయారైన బండ్లు. 2018లో సుబారు కూడా అమెరికాలో 2 లక్షలకి పైగా కార్లని ఇలాగే పిలవాల్సి వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల మిగిలిన దూరం అంకె తప్పు పడుతోంది.

ట్రిప్ మీటరు దారి దీనికంటే ఎంతో మేలు. అది చక్రాలు తిరిగిన దూరాన్ని లెక్కేస్తుంది, ఫ్లోట్‌తో పనిలేదు. ఫుల్ ట్యాంక్ చేయించి ట్రిప్‌ని సున్నా చేయాలి. తర్వాత ఒక హద్దు పెట్టుకోవాలి. స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లు, వ్యాగన్ ఆర్‌ది 32. మాదాపూర్, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఏసీతో స్విఫ్ట్ లీటరుకి 13 ఇస్తుందనుకుంటే మొత్తం 480 దాకా వస్తుంది. అందులో మూడింట రెండొంతులు, అంటే 320 దాటకుండా మళ్లీ బంకుకి వెళ్లాలి. కంపెనీ చెప్పిన మైలేజీతో ఈ లెక్క వేయకూడదు. అయిదారేళ్ల కిందటి మైలేజీతోనూ వేయకూడదు, ఎందుకంటే ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్. లీటరు లెక్కన ఎథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇప్పటి రెండు ఫుల్ ట్యాంకుల మధ్య ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్ని లీటర్లు పట్టిందో చూసుకుని లెక్కేస్తేనే సరైన అంకె వస్తుంది. పోసేటప్పుడు మొదటిసారి గన్ ఆగగానే ఆపించేయాలి. "రౌండ్ ఫిగర్ చేస్తా సార్" అని ఇంకా కుక్కితే లెక్క తప్పడమే కాకుండా, ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్‌లోకి పెట్రోల్ చేరి పాడవుతుంది.

అయితే ఈ దారి ఒక్కరే నడిపే బండికి కుదిరినట్టు ఇంట్లో నలుగురు నడిపే బండికి కుదరదు. నాన్నగారు ట్రిప్ సున్నా చేస్తారు, తమ్ముడు అయిదొందలకి పోయించి చెప్పడం మర్చిపోతాడు, లెక్క అక్కడితో పోయింది. అందుకే బండి మొత్తం తిరిగిన దూరం చూపించే ఓడోమీటర్ అంకె రాసిన చిన్న కాగితం స్టీరింగ్ పక్కన అంటించడం ట్రిప్‌ని నమ్ముకోవడం కంటే భద్రం, ఓడోమీటర్‌ని ఎవరూ సున్నా చేయలేరు. అయినా ఇది రిపేరు అయ్యేదాకా నెట్టుకురావడానికే. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెతో నగరంలో బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టిన రోజు గుర్తుందా? ఎప్పటికప్పుడు పోయించుకోవడం మీదే ఆధారపడ్డ ఇంటికి అలాంటి రోజు చాలా కష్టం.

ఇక్కడే ఒక మాట. ముందుజాగ్రత్త పేరుతో డిక్కీలో సీసాలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్రోల్ పెట్టుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది, ఎండలో మూసి ఉంచిన కారు లోపల అంతకంటే ఎక్కువ. కారిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ముల్లు పాడవడం కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం.

రిపేరు విషయంలో షోరూమా, బయట మెకానికా అన్నది వారంటీ చూసి తేలుతుంది. వారంటీ ఉంటే ఇంకో ఆలోచన వద్దు, షోరూమే. బయట ఒకసారి ట్యాంకు తెరిపించారంటే తర్వాత వారంటీ క్లెయిమ్ దగ్గర వాదనలు మొదలవుతాయి. జాబ్ కార్డులో "ముల్లు సరిగా లేదు" అని రాయిస్తే చాలదు. ఓడోమీటర్ ఎంత, ముల్లు ఎక్కడుంది, ఎన్ని లీటర్లు పట్టింది, బిల్లు నంబరు, ఇవన్నీ రాయించి ఫొటో తీసుకోవాలి. సగం చూపిస్తున్నప్పుడు 30 లీటర్లు పట్టిందన్న బిల్లు ఉంటే "అన్నీ ఇలాగే ఉంటాయి సార్" అనే మాట ఇక రాదు. రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి, ఉంటే మార్పు ఉచితం. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు బండ్లకి కేంద్రం రీకాల్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాళ్లు పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వారంటీ అయిపోయిన బండికి మాత్రం నా ఓటు మంచి బయటి ఎలక్ట్రీషియన్‌కే. షోరూమ్‌లో చాలాసార్లు పంపుతో కలిపి మొత్తం మాడ్యూల్ మార్చాలంటారు, అది వేలల్లో ఉంటుంది. చాలా మోడళ్లకి ఫ్లోట్ యూనిట్ విడిగా దొరుకుతుంది, ఖర్చు అందులో చిన్న వంతే. వనస్థలిపురం ఆటోనగర్‌లో పని చేయించొచ్చు, విడిభాగానికి రాణిగంజ్‌లో వెతకొచ్చు. "అన్నా, ఫ్లోట్ ఒక్కటే దొరుకుతదా, పంపు మొత్తం మార్చాల్నా?" అని ముందే అడగండి. పని తెలిసినవాడు వెంటనే అవునో కాదో అనడు, "ముందు మీటర్ పెట్టి చూస్త సార్" అంటాడు.

ఆ చూడటం ఎలా ఉంటుందో దగ్గరుండి గమనించాలి. చాలా చిన్న కార్లలో వెనక సీటు లేపితే ట్యాంకు మూత కనిపిస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసేశాకే మూత విప్పాలి. యూనిట్ బయటికి తీసి, కరెంటుకి అడ్డు ఎంతో కొలిచే మల్టీమీటర్ తగిలించి ఫ్లోట్‌ని వేలితో మెల్లగా పైకి లేపుతాడు. అంకె సాఫీగా మారుతూ పోతే యూనిట్ మంచిదే, తప్పు వైరులోనో డాష్‌బోర్డులోనో ఉంది. ఒక చోట అంకె గభాల్న ఎగిరినా, అసలు కదలకపోయినా పట్టీ అరిగినట్టు. ఆ చోటు సరిగ్గా మీ ముల్లు అతుక్కుపోయే చోటే అయి ఉంటుంది. కొందరు కాంటాక్టుని కాస్త వంచి "అయిపోయింది సార్" అంటారు. కొన్నాళ్లు పనిచేసి మళ్లీ మొదటికొస్తుంది. మార్చేదైతే మార్పించండి. మూత కింద రబ్బరు రింగు కొత్తది వేయించండి, పాతది బిగిస్తే ఫుల్ ట్యాంక్ చేసిన రోజు కారు లోపల పెట్రోల్ వాసన వస్తుంది. ఆ వాసన వస్తే బండి ఇంటికి తీసుకెళ్లకండి. పని జరిగే చోట ఎవరైనా బీడీ కాలుస్తున్నా, పక్కన వెల్డింగ్ నడుస్తున్నా ఆ షెడ్డు మానేయడమే. ట్యాంకు మొత్తం దించితే గానీ అందని మోడళ్లకి నేను కూడా షోరూమే అంటాను, ఎక్కువ ఖర్చయినా సరే.

డీజిల్ బండ్లవాళ్లు ఇంకా తొందరపడాలి. ట్యాంకు ఖాళీ అయితే లైన్లోకి గాలి చేరుతుంది, మళ్లీ డీజిల్ పోసినంత మాత్రాన స్టార్ట్ కాకపోవచ్చు. హైప్రెషర్ పంపుకి ఆ డీజిలే నూనె కూడా. పెట్రోల్ బండ్లలో ట్యాంకులోని పంపుకి చల్లదనం ఇచ్చేది పెట్రోలే కాబట్టి, అస్తమానం అడుగంటా నడిపితే ముల్లు రిపేరు కాస్తా పంపు రిపేరు అవుతుంది. స్కూటర్లకి పాత బైకుల్లా రిజర్వ్ కాక్ లేదు, అక్కడా ఓడోమీటర్ లెక్కే దిక్కు.

రిపేరు అయ్యాక పావు ట్యాంకు చూపించే దాకా కాగితం లెక్క ఆపకండి. పావు దగ్గరికి రాగానే ఫుల్ చేయించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 37 లీటర్ల ట్యాంకుకి 26 నుంచి 29 లీటర్ల మధ్య పడితే పని సరిగ్గా జరిగినట్టే. 33 పడితే మాత్రం బిల్లు పట్టుకుని అదే రోజు వెనక్కి వెళ్లండి.