రౌండ్లు కొట్టించడమా, లెక్క రాయించడమా: ఏది మేలు?

బెంగళూరులో సాయంత్రం ఆరింటి షటిల్ బ్యాచ్‌కి పదకొండేళ్ల పిల్లవాడు ఆరుంబావుకి వస్తాడు. వెంటనే "పది రౌండ్లు కొట్టు" అంటారు కోచ్. కానీ కారు నడిపింది వాడు కాదు కదా. వర్తూరు నుంచి బయలుదేరి మారతహళ్లి దగ్గర ఇరుక్కుంటే ఆ పావుగంట అమ్మానాన్నల ఖాతాలోది. స్కూలు నుంచి రాగానే రాకెట్, నీళ్ల బాటిల్, కోర్టు బూట్లు సర్దుకోవడం వాడి ఖాతా. ఏ ఖాతాకి ఎవరు జవాబుదారీ అన్నది ముందు తేల్చుకోవాలి.

రౌండ్లలో ఉన్న సుఖమల్లా కోచ్‌కే. 400 మీటర్ల ట్రాక్ మీద పది రౌండ్లంటే 4 కిలోమీటర్లు. ఆ తర్వాత ఫుట్‌వర్క్‌లో కాళ్లీడుస్తాడు, మోకాలు వంచాల్సిన చోట నడుం వంచుతాడు, దానికి మళ్లీ తిట్లు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి ఉన్నవాళ్లకి సిమెంటు మీద పరుగు మరీ చేటు. పైగా పరుగంటేనే శిక్ష అని ముద్రపడిపోతుంది.

ఇక "పర్లేదులే నాన్నా, బాగానే ఆడావు" అనే తీరు. 21-9తో ఓడినవాడికి అది అబద్ధమని తెలుసు. రేపు నిజంగా మెచ్చుకున్నా నమ్మడు.

మా ఓటు మూడోదానికి: తప్పు జరిగిన చోటికే మళ్లీ పంపడం. షార్ట్ సర్వీసులు, అంటే నెట్ మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లి దగ్గర్లోనే పడే సర్వీసులు, నెట్‌కి తగులుతున్నాయనుకోండి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. దానికి జానెడు పైన ఒక తాడు కట్టండి. షార్ట్ సర్వీస్ గీత నెట్ నుంచి 1.98 మీటర్లు, అవతలి వైపు గీత దాటగానే ఒక టవల్ పరవండి. పదేసి చొప్పున మూడు విడతలు. తాడు కిందుగా వెళ్లి టవల్ మీద పడ్డవే లెక్క. "4, 5, 7" అని వాడే నోట్‌బుక్‌లో రాసుకోవాలి, పక్కనే కారణం కూడా: షటిల్ వదలడం ఆలస్యమైందా, మణికట్టు విదిలించాడా? మూడు రోజులు వరుసగా ఏడు దాటితే తాడు సగానికి దించండి. 19-19 దగ్గర సర్వీసు చెయ్యాల్సివచ్చినప్పుడు సొంత చేతిరాతలో ఉన్న ఆ ఏడు గుర్తొస్తుంది.

ఇదీ చెడిపోతుంది, ముఖ్యంగా నోట్‌బుక్ నాన్న నింపితే. పక్కవాడి అంకెతో పోల్చినా అంతే. ఒకేసారి మూడు తప్పులు ఎత్తుకోవద్దు, రెండు వారాలకి ఒకటి చాలు.

రాకెట్ విసిరేసినా, తోటి పిల్లని నోటికొచ్చినట్టు తిట్టినా మాత్రం నోట్‌బుక్ పనిచెయ్యదు. పది నిమిషాలు కోర్టు బయట కూర్చోబెట్టండి, అరవకుండా. మ్యాచ్‌లోనైతే అంపైర్ పసుపు కార్డు చూపిస్తారు, మళ్లీ చేస్తే ఎర్ర కార్డుతో పాయింటే ఎదుటివాడికి పోతుంది. పది నిమిషాలయ్యాక "రెడీనా?" అని అడిగి అదే డ్రిల్‌లోకి దింపండి, పాత ఊసెత్తకుండా.

ఓడిన రోజు కారెక్కగానే పోస్ట్‌మార్టం మొదలుపెట్టకండి. దారిలో ఏదో ఒక దర్శినిలో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో) ఇడ్లీ వడ తిననివ్వండి. నోట్‌బుక్ ఇంటికెళ్లాక వాడే తీస్తాడు.