స్పెయిన్‌లోని అలికాంతేలో ఫ్లాట్ చూస్తున్నవాళ్లు, ఇంట్లో వీల్‌చైర్ ఉన్నవాళ్లు: రిజర్వేషన్ డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారేలా లేదు. ఈలోగా మనవాళ్లెవరైనా అదే ఏజెంటుకి డబ్బు పంపేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

జరిగింది ఇదీ. అలికాంతే ఊరి మధ్యలో, మెర్కాదో సెంట్రల్ అనే పెద్ద బజారుకి దగ్గర్లో మూడో అంతస్తు ఫ్లాట్. "వీధి నుంచి ఇంట్లోకి ఒక్క మెట్టు కూడా లేదు, లిఫ్ట్ ఉంది, వీల్‌చైర్‌కి ఇబ్బంది లేదు" అని ఏజెంటు వాట్సాప్‌లో రాశాడు. ఆ మాట మీద 3,000 యూరోలు రిజర్వేషన్ కట్టాం. తీరా వెళ్లి చూస్తే వీధి తలుపుకీ లిఫ్టుకీ మధ్య ఐదు మెట్లు! డబ్బు తిరిగి ఇవ్వనంటున్నాడు. పేరు బయట పెట్టొద్దని లాయరు గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లకి ఆ తీరంలో ఇళ్లు చూపించే మనిషే, మంచి ఇంగ్లిష్ మాట్లాడతాడు, ఫోన్లో ఎంతో మర్యాదగా ఉంటాడు. ఎవరి గురించి చెబుతున్నానో మీలో కొందరికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి మా వారికి ఎడమ కాలు సరిగ్గా పడదు. ఇంట్లో వాకర్, బయటికెళితే వీల్‌చైర్. ఇంగ్లండ్‌లో మేముండే లెస్టర్ చలిలో నవంబరు నుంచి మార్చి దాకా గడప దాటడమే గగనం. పిల్లలు, మనవలు ఇక్కడే ఉన్నారు కాబట్టి గుంటూరు వెళ్లిపోలేం, స్పెయిన్ అయితే పిల్లలు వారాంతానికి కూడా వచ్చి వెళ్లొచ్చు. వీసా లెక్కలు మీకు తెలిసినవే. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ పాస్‌పోర్టు మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. అక్కడే స్థిరపడాలంటే నాన్ లుక్రేటివ్ వీసా (అక్కడ ఉద్యోగం చేయకుండా ఉండేవాళ్లకిచ్చేది), దానికి ఒకరికి నెలకి 2,400 యూరోలు, భార్యకో భర్తకో ఇంకో 600 ఆదాయం చూపించాలి. ఇల్లు కొంటే వచ్చే గోల్డెన్ వీసాని 2025 ఏప్రిల్లో ఎత్తేశారు. ఇవన్నీ చూసుకునే దిగాం.

ఊరు కూడా ఆలోచించే ఎంచుకున్నాం. ఫోటోల్లో అందంగా కనిపించే ఆల్తేయా పాత ఊరు, మిహాస్, ఫ్రిహిలియానా, ఇవన్నీ కొండ మీదివి. రాళ్లు పరిచిన ఏటవాలు సందులు, మెట్లు. అక్కడ వీల్‌చైర్ నెట్టడం నా వయసులో నా వల్ల కాదు. అలికాంతేలో ఎస్ప్లనాదా అనే సముద్రపు ఒడ్డు నడకదారి మీద, ఆ అలల డిజైన్ నేల మీద ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఆయన్ని హాయిగా తోసుకుంటూ వెళ్లొచ్చు. పక్కనే సముద్రం. పెద్ద ఆసుపత్రి ఊళ్లోనే, ట్రామ్ ఉంది. సాంతా క్రూజ్ పేటలాంటి మెట్ల వీధులు వదిలేస్తే ఊరు మాకు సరిపోయేదే. ఊరి విషయంలో ఇప్పటికీ అదే మాట అంటాను.

నేను ఏజెంటుని మొదటి రోజే అడిగిన ప్రశ్న ఒక్కటే: "వీధిలోంచి మంచం దాకా ఎక్కడైనా మెట్టుందా?" లేదన్నాడు. వీడియో పంపమన్నాను. పంపాడు. ఆ వీడియో లిఫ్టులోంచి మొదలవుతుంది. లిఫ్ట్ తలుపు తెరుచుకోవడం, వరండా, హాలు, బాల్కనీ, దూరంగా శాంతా బార్బరా కోట. కింద గుమ్మం ఏదని అడిగితే "వెలుతురు చాలలేదు, మళ్లీ తీసి పంపిస్తాను" అన్నాడు. పంపలేదు. "ఇంకో జంట కూడా ఇదే అడుగుతున్నారు, శుక్రవారం దాకే ఆపగలను" అని తొందరపెట్టాడు.

అక్కడికి వెళ్లిన రోజు చెబుతాను. ఇనుప గ్రిల్లు తలుపు, లోపల పాలరాయి నేల, ఎడమ గోడకి ఉత్తరాల పెట్టెలు. ఆ పెట్టెలు దాటగానే ఐదు మెట్లు, వాటి పైన లిఫ్ట్. పట్టుకోవడానికి గోడకి రెయిలింగ్ కూడా లేదు. మా అబ్బాయి టేపు తీసి కొలిచాడు. ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లు. లిఫ్ట్ తలుపు వెడల్పు 62, మా వారి కుర్చీ 65. అంటే ఆ ఐదు మెట్లూ ఎవరో మోసి ఎక్కించినా కుర్చీ లిఫ్టులో పట్టదు.

"మెట్లు లేవన్నారు కదండీ?" అని అడిగాను. "ఇవి బిల్డింగ్ మెట్లు, ఫ్లాట్‌లో మెట్లు లేవు" అన్నాడు. ఆ వెంటనే, "ర్యాంప్ పెట్టడానికి బిల్డింగ్ వాళ్లు ఒప్పుకున్నారు, ఒకటి రెండు నెలల్లో వచ్చేస్తుంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే బజారు సంచితో ఒక పెద్దావిడ లోపలికి వచ్చారు. మా అబ్బాయి తనకొచ్చిన స్పానిష్‌లో ఆవిడని అడిగాడు. ఆవిడ ఆ ఇంటి యజమానుల సంఘానికి అధ్యక్షురాలట. ర్యాంప్ మాట ఏ మీటింగులోనూ రాలేదని చెప్పారు. చోటెక్కడుంది బాబూ అని చెయ్యి చాపి చూపించారు. నిజమే, ఐదు మెట్లంటే 85 సెంటీమీటర్ల ఎత్తు. ఎనిమిది శాతం వాలుతో ర్యాంప్ కట్టాలంటే పది మీటర్ల పైన పొడవు కావాలి. ఆ ముందు గది మొత్తం కలిపి నాలుగు మీటర్లు ఉండదు.

ఇంతసేపూ మా వారు గుమ్మంలో, సగం వీధిలో సగం లోపల, కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఏజెంటు ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా వైపు తిరిగి అన్నాడు: "ఈయన రోజూ బయటికి వెళ్లాలంటారా? బాల్కనీ పెద్దది కదా."

మా వారికి కాలు పోయింది కానీ చెవులు పోలేదు. ముప్పై ఏళ్లు పైగా ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, వేలమందిని పలకరించి, మందు రాసి పంపిన మనిషి. ఆయన ఎదురుగా, ఆయన లేనట్టు, ఆయన్ని బాల్కనీలో కూర్చోబెట్టేస్తే సరిపోతుందని నాతో చెబుతాడా? నేను నోరు తెరిచేలోపు మా వారే ఇంగ్లిష్‌లో, "నేను ఈ దేశానికి రావాలనుకున్నదే బయట తిరగడానికి" అన్నారు. దానికి ఆ మనిషి భుజాలెగరేసి ఫోన్ చూసుకున్నాడు. మూడు వేలు పోతే పోయాయి, ఆ క్షణం మాత్రం నేను మర్చిపోలేను. కారెక్కాక మా వారు హోటల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

డబ్బు అడిగితే రిజర్వేషన్ కాగితంలో "కొనుగోలుదారు వెనక్కి తగ్గితే వాపసు లేదు" అన్న లైను చూపించాడు. మేం వెనక్కి తగ్గలేదు, మీరు చెప్పిన ఇల్లు ఇది కాదు అన్నాను. అదే సాయంత్రం చూస్తే వాట్సాప్‌లో "ఒక్క మెట్టు కూడా లేదు" అన్న మెసేజ్ ఉన్నచోట "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఉంది. డబ్బు పంపిన రోజే మా అబ్బాయి ఆ సంభాషణంతా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాడు, వాడికి వెయ్యి దండాలు. ఫిర్యాదు ఫారం, అక్కడ ఓహా దే రెక్లమాసియోనెస్ అంటారు, అడిగితే అయిపోయాయన్నాడు. వ్యాపారం చేసేవాళ్లు అడిగినవాళ్లకి అది ఇచ్చి తీరాలి. ఊళ్లోని వినియోగదారుల ఆఫీసు, ఓమిక్, అక్కడ ఫిర్యాదు ఇచ్చాం. లాయరు నోటీసు కూడా పంపుతున్నారు.

ఆ లాయరు చెప్పాకే తెలిసిన సంగతులు కొన్ని, మీకు పనికొస్తాయి. "చట్టం ప్రకారం ర్యాంప్ పెట్టి తీరాలి" అని ఇలాంటివాళ్లు ధైర్యం చెబుతారు. అందులో సగమే నిజం. స్పెయిన్‌లో 1960 నాటి ఫ్లాట్ల చట్టం పదో సెక్షన్‌లో ఉంది: ఇంట్లో వికలాంగులో డెబ్బై దాటినవాళ్లో ఉంటే, ఆ యజమాని అడిగితే సంఘం అలాంటి పనులు చేయించాలి. కానీ సబ్సిడీలు పోగా ఒక్కొక్కరి మీద పడే ఏడాది ఖర్చు పన్నెండు నెలల మామూలు మెయింటెనెన్స్‌ని మించకూడదు. మించిన భాగాన్ని అడిగినవాళ్లే భరిస్తామంటే అప్పుడూ చేయించాల్సిందే. బాగానే ఉంది, కానీ ఆ హక్కు యజమానికి. ఇంకా కొననివాళ్లకి కాదు. కొన్నాక అడిగి, మీటింగు పెట్టి, పర్మిషన్లు వచ్చి, పని మొదలయ్యేదాకా మీ మనిషి మూడో అంతస్తులోనే ఉంటాడు. పైగా మేం చూసినలాంటి చోట ర్యాంప్ పట్టదు, లిఫ్టునే నేల మట్టానికి దించాలి. కోటా సెరో అంటారు, చాలా పెద్ద ఖర్చు.

ఇంకో అడుగు ముందుకేసి అర్రాస్, అంటే బయానా ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే మామూలుగా ధరలో పది శాతం కట్టేవాళ్లం. దాంట్లో కొనేవాళ్లు మానుకుంటే ఆ డబ్బు పోతుంది, అమ్మేవాళ్లు మానుకుంటే రెట్టింపు ఇవ్వాలి. స్పెయిన్ సివిల్ కోడ్ 1454వ సెక్షన్‌లో ఉన్నది అదే. ఆ సంతకం వచ్చే వారం పెట్టాల్సింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

కాబట్టి చూడబోయేవాళ్లకి నా మాట. రోడ్డు మీద నిలబడి మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా పడకగది దాకా తీసిన వీడియో అడగండి. లిఫ్ట్ తలుపు మీద, బాత్రూం తలుపు మీద టేపు పెట్టి ఫోటో తీయమనండి, తీయకపోతే ఆ ఇల్లు వదిలేయండి. ర్యాంప్ అనుమతి వచ్చిందని ఎవరన్నా సంఘం మీటింగు మినిట్స్, ఆక్తా, కాపీ అడగండి. "వీల్‌చైర్ వీధి నుంచి ఫ్లాట్ దాకా మెట్టు లేకుండా వెళ్లకపోతే డబ్బు పూర్తిగా వాపసు" అన్న వాక్యం రిజర్వేషన్ కాగితంలోనే రాయించండి. పాత బిల్డింగుల్లో ఎంత్రెసుయెలో, ప్రిన్సిపాల్ అని అంతస్తులుంటాయి, అవి పోయాకే ఒకటో అంతస్తు మొదలవుతుంది. లిఫ్ట్ లేనిచోట అది చాలా దూరం. లాయరుని ఏజెంటు చూపించినవాళ్లని కాకుండా మీరే వెతుక్కోండి. ఆరోగ్య బీమా సంగతి ముందే తేల్చుకోండి, పాత జబ్బులున్నవాళ్లని ప్రైవేటు కంపెనీలు చేర్చుకోవడానికి ఇష్టపడవు. బ్రిటన్ స్టేట్ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు ఎస్1 ఫారం (స్పెయిన్‌లో మీ వైద్యం ఖర్చు బ్రిటన్ భరించేలా చేసే కాగితం) గురించి అడగండి.

మేం స్పెయిన్ మానుకోలేదు. ఇప్పుడు శాన్ హువాన్ బీచ్ వైపు, వాలెన్సియాలో చూస్తున్నాం, రెండూ చదునైన నేలే. ముందు ఆరు నెలలు అద్దెకుంటాం. శాన్ హువాన్‌లో మన తెలుగువాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే వారం ఒక బిల్డింగ్ గుమ్మం దాకా వెళ్లి ఎన్ని మెట్లున్నాయో చూసి రావాలి, అంతే. మీ దారి ఖర్చులు, భోజనం మావి.