కొత్త డిస్కులు వేసినా స్టీరింగ్ వణుకుతోందా? డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండ్ సెట్ రివ్యూ

ముందు డిస్కులు మార్చారు, ప్యాడ్లు మార్చారు, లోయర్ ఆర్మ్ బుష్‌లూ (చక్రాన్ని పట్టే కింది ఆర్మ్‌లోని రబ్బరు కీళ్లు) కొత్తవే. అయినా వంద స్పీడులో బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ వణుకు. ఇక్కడికొచ్చాక చాలామంది ఇంకో జత డిస్కులు కొంటారు. అంతకన్నా ముందు కొనాల్సింది ఈ సెట్టు. ఇందులో 0–10 మి.మీ. డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం), ఆన్-ఆఫ్ మీట ఉన్న మాగ్నెట్ బేస్, నడుమ ఒకే నాబ్ తిప్పితే మొత్తం బిగుసుకునే చెయ్యి ఉంటాయి.

డయల్‌కు వంక పెట్టడానికేం లేదు. ఒక్కో గీత 0.01 మి.మీ., ముల్లు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. డిస్క్ రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) చాలా కార్లకు 0.05 మి.మీ. లోపు ఉండాలంటారు. మీ కారు మాన్యువల్లో ఉన్న అంకెదే చివరి మాట. అయిదు గీతలు కంటికి హాయిగా ఆనతాయి. డిజిటల్ గేజ్ కూడా దొరుకుతుంది గానీ డిస్క్ తిప్పుతుంటే అంకెలు గబగబా మారిపోయి దేన్ని పట్టుకోవాలో తెలీదు. ముల్లయితే ఎటు పోతోందో, నెమ్మదిగా పోతోందో ఒక్కసారే ఎగిరిందో కనిపిస్తుంది. ఈ పనికి ముల్లు గేజే మేలు.

అసలు పరీక్ష స్టాండ్ చేతిది. బిగించాక చెయ్యి కొసను వేలితో మెల్లగా నొక్కి వదలండి. ముల్లు మళ్లీ అదే గీత మీదికి రావాలి. రెండు గీతలు అటూ ఇటూ ఆగితే కీలు వదులని అర్థం, ఆ స్టాండుతో తీసిన కొలత దేనికీ పనికిరాదు. పాములా వంగే గొట్టపు చెయ్యి ఉన్న సెట్ల జోలికి వెళ్లకండి, గేజ్ బరువుకే వేలాడతాయి.

మాగ్నెట్‌తో ఒక ఇబ్బంది ఉంది. నకుల్ (చక్రం బేరింగ్ కూర్చునే భాగం) అల్యూమినియందైతే అది అతుక్కోదు. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు కాలు) కింది ఇనుప బ్రాకెట్‌కు పెట్టొచ్చు. అక్కడ చోటు లేకపోతే మందమైన ఇనప పట్టీ ముక్కను కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) బ్రాకెట్ బోల్టుతో బిగించి దాని మీద నిలపాలి. ఎక్కడ పెట్టినా మట్టి, తుప్పు తుడిచి పెట్టండి, కింద ఒక రేణువున్నా బేస్ ఊగుతుంది. ఇంకో మాట, వీల్ బేరింగ్‌లో ఏబీఎస్ కోసం అయస్కాంతపు రింగు ఉండే కార్లలో ఈ మాగ్నెట్‌ను బేరింగ్ దరిదాపులకు తేవద్దు. ఆ రింగు పాడైతే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

కొలిచేటప్పుడు బండి జాక్ స్టాండ్ల (బరువు మోసే ఇనుప కాళ్ల) మీద ఉండాలి, ఒట్టి జాకీ మీద కాదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రం, కాలిపర్ తీసి, డిస్క్‌ను అన్ని నట్లతో, కింద మందపాటి వాషర్లు వేసి, సమానంగా బిగించాలి. నట్లు లేకుండా కొలిస్తే డిస్క్ హబ్ (డిస్క్, చక్రం బిగించే తిరిగే భాగం) మీద వదులుగా కూర్చుని లేని వంకర చూపిస్తుంది. ప్లంజర్ (గేజ్ కింద లోపలికి బయటికి కదిలే కడ్డీ) కొసను డిస్క్ బయటి అంచుకు 10 మి.మీ. లోపల, ముఖానికి నిట్టనిలువుగా ఆనించి, ముల్లు ఒక చుట్టు తిరిగేంత నొక్కి ఉంచండి. 30 డిగ్రీలు వాలితే 0.05 ఉన్నది దాదాపు 0.058 చూపిస్తుంది. తర్వాత హబ్‌ను చేతుల్తో లోపలికి బయటికి లాగి చూడండి. ముల్లు కదిలితే ముందు బేరింగ్ సంగతి తేల్చుకోవాలి, అది వదులైతే డిస్క్ కొలతను నమ్మలేం.

ఇక డిస్క్‌ను ఒకే దిక్కుగా నెమ్మదిగా తిప్పండి. ముల్లు చుట్టుకోసారి మెల్లగా ఎక్కి దిగితే అది రనౌట్. ఒక్క చోటే టక్కున ఎగిరితే అక్కడ తుప్పో, గాటో, అంటుకున్న ప్యాడ్ పదార్థమో ఉంటుంది. ఎక్కువ తక్కువల తేడా 0.05 దాటితే ఎత్తు చోట చాక్‌పీస్‌తో గీత గీసి, పక్కనున్న స్టడ్‌కు (హబ్ నుంచి పొడుచుకొచ్చిన, నట్లు బిగించే బోల్టుకు) కూడా గుర్తు పెట్టి, డిస్క్ తీయండి.

చాలాసార్లు దొంగ దొరికేది ఇక్కడే. పాత డిస్క్ వదిలిపోయిన తుప్పు హబ్ మీద, ముఖ్యంగా స్టడ్‌ల మొదళ్ల చుట్టూ, పెచ్చుల్లా ఉంటుంది. వైర్ బ్రష్, ఎమెరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది మళ్లీ కొలవండి. అయినా తగ్గకపోతే డిస్క్‌ను ఒక స్టడ్ జరిపి పెట్టండి. ఎత్తు చోటు డిస్క్‌తో పాటు జరిగితే తప్పు డిస్క్‌ది. స్టడ్ గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్‌ది. హబ్ ముఖం మీద 0.02 ఉంటే, డిస్క్ అంచు కేంద్రానికి దాదాపు రెట్టింపు దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడది 0.04 దాకా అవుతుంది.

ఈ గేజ్‌కు అందనిది మందం తేడా. గేజ్ ఒక ముఖాన్నే చూస్తుంది. బ్రేక్ వేసినప్పుడు వణుకు పుట్టించేది ముఖ్యంగా మందం తేడాయే. మైక్రోమీటరుతో అంచు నుంచి ఒకే లోతులో 8 చోట్ల కొలవండి, 0.015 మి.మీ. తేడా ఉన్నా చాలు, స్టీరింగ్ చెబుతుంది. కొత్త డిస్కులు మొదట్లో బాగుండి కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత వణకడానికి కారణం కూడా ఇదే. రనౌట్ ఉన్న డిస్క్ ఎత్తు చోటు, బ్రేక్ వేయకపోయినా, చుట్టుకోసారి ప్యాడ్‌ను రాసుకుంటుంది. రాసుకున్న చోట డిస్క్ అరుగుతుంది, లేదా ప్యాడ్ పదార్థం అతుక్కుంటుంది. "వేడికి డిస్క్ బెండ్ అయింది" అనేది ఎక్కువసార్లు ఇదే. లేత్ మీద ఫేసింగ్ (డిస్క్ ముఖాన్ని చెక్కి సమం చేయడం) చేయించినా హబ్ తుప్పు అలాగే ఉంటే వణుకు మళ్లీ వస్తుంది.

బుష్‌ల విషయానికొస్తే, అరిగిన బుష్ చిన్న వణుకును పెద్దది చేసి స్టీరింగ్‌కు పంపుతుంది. కొత్తది వేస్తే తగ్గినట్టుంటుంది గానీ పుట్టుక అక్కడ కాదు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టులు బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి టార్క్ (బిగింపు) ఇవ్వాలి. బ్రేక్ తొక్కకుండానే 80–110 మధ్య వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్, యాక్సిలరేటర్ తొక్కితేనే వణికితే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) లోపలి జాయింట్ చూడండి. అక్కడ ఈ సెట్టుతో పని లేదు. చక్రం బిగించేటప్పుడు ఇంపాక్ట్ గన్‌తో ఒక్కో నట్టు ఒక్కోలా లాగేస్తే అంత కష్టపడి తగ్గించిన రనౌట్ మళ్లీ వస్తుంది. ఎదురెదురు నట్లు, రెండు విడతల్లో, టార్క్ రెంచితో బిగించండి.

సెట్టులో రోలర్ కొస ఇవ్వలేదు, ఇది లోటే. రిమ్ము వంకర చూడాలంటే అది విడిగా కొనాలి, మామూలు కొస గరుకు అంచు మీద చిక్కుకుపోతుంది. ప్లంజర్‌కు నూనె మాత్రం వేయొద్దు. బ్రేక్ పొడి అంటుకుని జిగురవుతుంది, ముల్లు వెనక్కి రావడం మానేస్తుంది. పొడి బట్టతో తుడిస్తే చాలు.