తాబేళ్ల హౌజ్ మీద పచ్చ షేడ్ నెట్: నాలుగేళ్లు వాడినాక

పచ్చ షేడ్ నెట్ అంచు మీద ‘యూవీ స్టెబిలైజ్డ్’ అని ఉంటుంది చూడండి, నా బాధంతా ఆ ఒక్క మాటతోనే. తాబేళ్లకు ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలు ఉండాలంటారు కదా, మంచి సరుకే దొరికిందని 2021 ఏప్రిల్‌లో హన్మకొండలో కొంటూ సంతోషపడిన మనిషిని నేను. షాపతను కూడా ‘‘అన్నా, తొంభై శాతంది తీస్కో, పట్టపగలు గూడ సల్లగుంటది’’ అన్నాడు. ఆయన నర్సరీ వాళ్లకు చెప్పినట్టే నాకూ చెప్పాడు, తాబేళ్ల కోసమని నేను నోరు విప్పలేదు, కాబట్టి ఆయన్ను అనడానికేం లేదు.

ధర ఎంత, ఎట్లా కట్టాలి అన్నవి వదిలేస్తున్నా. మాది పెరట్లో సిమెంటు హౌజ్ (నీళ్ల తొట్టి), ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. మూడు ఎర్ర చెవుల తాబేళ్లు, ఎండకు ఎక్కి కూర్చోవడానికి ఓ మూలకు షాబాద్ బండ. మొదటి ఎండాకాలం ఈ నెట్‌ను నేను పొగడని రోజు లేదు. అంతకుముందు మే నెల మధ్యాహ్నం నీళ్లు 36 డిగ్రీలు దాటేవి, నెట్ కట్టినాక 31 దగ్గర ఆగాయి. నాచు తగ్గింది. కోతుల బాధ కూడా పోయిందని చుట్టాలందరికీ చెప్పాను. నిజానికి కోతులు పోలేదు, హౌజ్‌లో చెయ్యి పెట్టడం మాని నెట్ మీద ఊయలూగడం మొదలుపెట్టాయి, అంతే తేడా.

2024 ఫిబ్రవరిలో మేడారం పోయి మూడు రోజులకు ఇంటికొచ్చాం. ఇంటింటికీ బంగారం (మేడారం బెల్లం) పంచే హడావిడిలో హౌజ్ వైపు చూసిందెవరూ లేరు, మా అమ్మే చూసింది. మేం చిన్నోడు అని పిలిచే తాబేలు బండ మీదే ఉన్నాడు, మనిషి దగ్గరికి పోయినా నీళ్లలోకి దూకలేదు. మామూలుగా అయితే గేటు చప్పుడుకే బుడుంగుమనేవాడు. చేతిలోకి తీసుకుంటే డిప్ప అంచులు పైకి లేచి ఉన్నాయి, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయింది. అడుగు డిప్ప మీద రెండు చోట్ల తెల్లగా గుంట పడి కుళ్లు వాసన. ‘‘దీని డిప్ప మెత్తవడ్డది రా’’ అంది అమ్మ. నిజం చెప్పాలంటే అప్పటికి నెల ముందు నుంచే వాడు సరిగ్గా తినడం లేదు, చలికి అట్లాగే ఉంటాడులే అనుకున్నా.

తర్వాత పది రోజులు ఇల్లంతా టెన్షన్. మొదట పోయిన చోట గేదెలు, మేకలు, కుక్కలే ఎక్కువ, తాబేలును చూసి కాంపౌండర్ నవ్వాడు, విటమిన్ చుక్కలు రాసిచ్చారు. ఒక పెట్ షాపులో అయితే లోపల పురుగు పట్టి ఉంటుందని ఐవర్‌మెక్టిన్ చేతిలో పెట్టారు. ఎందుకో ఆ రాత్రి వెయ్యలేదు, ఆ రోజు మా పాపకు జ్వరం, మర్చిపోయాను. మర్నాడు హైదరాబాద్‌లో ఇట్లాంటి జీవాలను చూసే డాక్టర్‌కు ఫోన్ చేసి ఆ పేరు చెప్తే ఒక్క అరుపు అరిచాడు. కుక్కకు, మేకకు వాడే ఆ మందు తాబేళ్లకు విషం, ప్రాణం పోతుందట. ఇప్పటికీ ఆ సీసా తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

ఆయన దగ్గరికే తీసుకెళ్లాం. ఎక్స్‌రే తీసి, డిప్ప అంటే పైన తగిలించిన కవచం కాదు, వెన్నెముక, పక్కటెముకలు కలిసిన ఎముకేనని చూపించాడు. ఎండలోని యూవీ-బి అనే రకం కిరణాలు చర్మానికి తగిలితేనే విటమిన్ డి3 తయారవుతుంది, డి3 లేకపోతే కాల్షియం ఎంత తిన్నా ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. హౌజ్ బయటే ఉంది కదా సార్, ఎండకేం కొదవ అంటే పైన ఏముందని అడిగాడు. ఫోన్‌లో ఫొటో చూపించి, యూవీ అని రాసే ఉంది సార్ అన్నాను. అది నెట్‌ను కాపాడుకోవడానికి రాసింది అన్నాడు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కకుండా అందులో మందు కలుపుతారని దానర్థం, కింద ఉన్నవాటికి యూవీ అందుతుందని కాదు. తొంభై శాతం నెట్ అంటే వెలుతురులో నూటికి తొంభై వంతులు ఆపేదని. పైగా ఆ నీడకు బండ ఎప్పుడూ తడే, డిప్ప ఆరక అడుగున కుళ్లు పట్టింది.

ముందరి కాళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇంటికొచ్చాక నా పని ఏంటంటే, రోజూ పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా రుద్ది, పల్చటి టీ రంగుకు వచ్చేలా నీళ్లు కలిపిన బీటాడిన్ పూసి, పొడి టబ్బులో ఉంచడం. పూటకో గంట మాత్రం తిండికీ తాగడానికీ నీళ్లలో వదలడం. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా మిద్దె మీద ఎండ, పక్కన నీడకు గోనెసంచి. ఎండు రొయ్యలు మాన్పించి ముళ్లతో సహా పరక చేపలు, మునగాకు పెట్టాం, ఆయుర్వేదం షాపులో సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) తెచ్చి నీళ్లలో వేస్తే కొరుక్కు తిన్నాడు. మా ఎదురింటాయన ‘‘గంత గోస ఎందుకు సార్, భద్రకాళి చెర్వుల ఇడ్శిపెట్టుండ్రి, పున్నెమొస్తది’’ అన్నాడు. ఇవి అమెరికా జాతి, చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండి, చోటు ఇవే లాక్కుంటాయి, పుణ్యమెక్కడిది.

బతుకమ్మ నాటికి డిప్ప గట్టిపడింది. లేచిన అంచులు మాత్రం లేచినట్టే ఉన్నాయి, అవి ఇక దిగవట. గుంటల మచ్చ పోలేదు.

అయితే తప్పంతా నెట్ మీద వేస్తే అన్యాయం. మా తూర్పు పక్కవాళ్లు 2022లో మూడంతస్తులు లేపారు, పొద్దుటి ఎండ సగం అక్కడే పోయింది. డిసెంబర్ చలిలో కూడా నెట్ విప్పకపోవడం నా బద్ధకం, నీళ్లు వెచ్చబడకపోతే ఇవి తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకోలేవు. అదే నెట్ కింద మిగతా రెండూ బాగానే ఉన్నాయి, అవి పెద్దవి, చిన్నోడు ఇంకా ఎదిగే వయసులో ఉన్నాడు.

ఇప్పుడు బండ ఉన్న సగం మీద నెట్ తీసేసి కోళ్ల జాలీ బిగించాను, ఎండ ఎండలాగే పడుతుంది, కోతి చెయ్యి పట్టదు. రెండో సగం మీద నెట్ ఉంచాను, మార్చి నుంచి జూన్ దాకానే. అది కూడా నాలుగేళ్లకే పోగులు ఊడి నీళ్లలో పడుతోంది, పేగులో చుట్టుకుంటుందేమోనని రోజూ ఏరడం ఒక పని. ఈసారి కొంటే యాభై శాతందే కొంటా. మా ఎండలకు అసలే నెట్ లేకపోతే నీళ్లు కాగిపోతాయి, మీ హౌజ్ మీద వేపచెట్టు నీడ ఉంటే అదీ అక్కర్లేదేమో. కత్తిరించిన ముక్కను మా ఆవిడ గులాబీ కుండీల మీద కట్టుకుంది, తనకు మాత్రం దీని మీద ఏ ఫిర్యాదూ లేదు.